ఉన్ని సంత ఊళ్లో పాత పబ్: సోమర్సెట్ ప్రయాణం

సోమవారం, బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్

ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ కౌంటీలో, నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే చిన్న ఊళ్లో ఉన్న జార్జ్ ఇన్ అనే పాత పబ్ కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. అయినా మొదటి రోజే అక్కడికి వెళ్లనివ్వలేదు అన్నయ్య. మా పెద్దనాన్నగారి అబ్బాయి, బ్రిస్టల్‌లో సివిల్ ఇంజినీరు. "ముందు ఒక గాదె చూడాలమ్మా. ఇంట్లో అయితే కప్పు సీలింగు వెనక ఉండిపోతుంది. గాదెలో దూలం, వాసం, అతుకు అన్నీ కళ్లెదురుగా కనిపిస్తాయి. అవి చూసి వెళ్తే పబ్‌లో ఏది ఎందుకుందో నీకే తెలుస్తుంది" అన్నాడు.

బాత్ నుంచి రైల్లో పావుగంట. స్టేషన్ నుంచి నది పక్కన నడిస్తే గాదె వస్తుంది. 14వ శతాబ్దంలో షాఫ్ట్స్‌బరీ సన్యాసినుల మఠం వాళ్లు తమ పొలాల పంట దాచుకోవడానికి కట్టించారు. పొడవు 51 మీటర్లు, కప్పు చట్రాల మధ్య 14 అంకణాలు. లోపలికి వెళ్లి తలెత్తితే కాసేపు మాట రాలేదు. వంపు తిరిగిన ఓక్ దుంగలు రెండు వైపులా గోడల్లోంచి లేచి పైన కలుసుకుంటాయి. ఆ కప్పు మీద పరిచినవి పెంకులు కావు, రాతి పలకలు. వాటి బరువే సుమారు 100 టన్నులని అంచనా. అంత బరువును మోస్తున్నది చెక్క. ఆ చెక్కను పట్టి ఉంచినవి కూడా చెక్క చీలలే, ఇనుము కాదు. ఒక దుంగ కొనను సన్నగా చెక్కి, రెండో దుంగలో తొలిచిన బెజ్జంలో దూర్చి, రెండింటి గుండా ఓక్ చీల దిగ్గొట్టారు. ఓక్‌ను పచ్చిగా ఉండగానే కోసి బిగించేవాళ్లు. అది ఎండేకొద్దీ ముడుచుకుని అతుకు ఇంకా గట్టిపడుతుంది, చట్రం మాత్రం కొంచెం మెలితిరుగుతుంది. పాత ఇంగ్లిష్ ఇళ్లు వంకరగా కనబడటానికి సగం కారణం ఇదే, శిథిలం కావడం కాదు.

ఊరంతా ఉన్ని డబ్బుతో కట్టిన ఇళ్లు. సాయంత్రం వాటి మధ్య తిరిగి బాత్ చేరాం.

మంగళవారం, నార్టన్ సెయింట్ ఫిలిప్

బాత్ నుంచి ఫ్రోమ్ వైపు వెళ్లే దారిలో ఉంటుంది ఊరు. రెండు రోడ్లు కలిసే చోట, కొంచెం ఎత్తు మీద. కారు మలుపు తిరగగానే ఎదురుగా జార్జ్ ఇన్. ఊరి పరిమాణానికి ఆ భవనం పరిమాణానికి పొంతన లేదు. ఇంత చిన్న ఊళ్లో ఇంత పెద్ద విడిది ఎందుకు కట్టారన్న ప్రశ్నతోనే దీని చరిత్ర మొదలుపెట్టాలి.

జవాబు ఉన్ని. దగ్గర్లోనే హింటన్ అనే చోట కార్తూసియన్ శాఖ క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. 1232లో సాల్స్‌బరీ కౌంటెస్ ఈలా దాన్ని స్థాపించింది. కార్తూసియన్లది చాలా కఠినమైన నియమం. ఎవరి గది వారిదే, ఎక్కువ సమయం మౌనం. అలాంటి మఠానికీ భూములున్నాయి, గొర్రెలున్నాయి, ఉన్ని ఉంది. దాన్ని అమ్మాలంటే సంత కావాలి, సంతకు వచ్చే వర్తకులకు విడిది కావాలి, సరుకు పెట్టుకోవడానికి గోదాము కావాలి. జార్జ్ ఇన్ ఈ రెండు పనులకూ పుట్టింది. ఈ ఊళ్లో ఉన్ని, బట్టల సంత 13వ శతాబ్దం చివర నుంచి 1902 దాకా సాగింది. ఆరు వందల ఏళ్లు! మనుషులు మాట్లాడకూడదనుకున్న మఠం, బేరాల రొదకు చోటు కట్టించింది. నాకు ఇందులో వైరుధ్యమేమీ అనిపించలేదు. ఆ మౌనానికి ఖర్చులు ఉంటాయి కదా.

భవనం ముందు చాలాసేపు నిలబడ్డాం. కింది అంతస్తు రాయి. నడుమ బండి పట్టేంత తోరణ ద్వారం. దాని పైన రెండు అంతస్తులు చెక్క చట్రం. కింద రాయి 14వ శతాబ్దం నాటిదనీ, పై చెక్క అంతస్తులు ఆ తరువాత 15వ శతాబ్దంలో వచ్చాయనీ చెబుతారు. అంటే మనం చూస్తున్న ముఖం ఒక్కసారి కట్టింది కాదు. రాతి గోడ మీద మరో కాలపు వడ్రంగులు వచ్చి తమ పని నిలబెట్టారు. ఆ అతుకు దాచాలని వాళ్లు ప్రయత్నించలేదు, అందుకే ఇవాళ వీధిలో నిలబడి కూడా చదవగలం.

పై అంతస్తులు కింది గోడ కంటే వీధి మీదికి ముందుకు వచ్చి ఉంటాయి. ఇది అందం కోసం అనుకునేదాన్ని. అన్నయ్య రోడ్డు పక్కనే వివరించాడు. నేల దూలాల కొనలను గోడ దాటించి బయటికి వదిలి, ఆ కొనల మీద పై గోడ నిలబెడతారు. బయట గోడ బరువు దూలం కొనను కిందికి నొక్కుతుంది కాబట్టి గది మధ్యలో దూలం కుంగడం తగ్గుతుంది. పైన గది వెడల్పు పెరుగుతుంది, కింది గోడకు వాన తగలదు. చట్రంలో నిలువు, అడ్డం చెక్కల మధ్య ఖాళీలను తడిక అల్లి, మట్టి మెత్తి, సున్నం పూసి మూసేవాళ్లు. బరువంతా చట్రానిదే, ఆ మట్టి గోడ గాలిని ఆపడానికే.

ఈ చట్రాలను చాలావరకు వడ్రంగి దొడ్లో ముందే కోసి, నేల మీద పేర్చి చూసుకుని, విప్పి, బండ్ల మీద తెచ్చి మళ్లీ నిలబెట్టేవాళ్లు. ఏ చెక్క ఎక్కడిదో తెలియడానికి అతుకుల దగ్గర ఉలితో గీతల గుర్తులు పెట్టేవాళ్లు. పాత చెక్క ఇళ్లలో ఆ గుర్తులు ఇప్పటికీ దొరుకుతాయి. ఎవరూ పేరు రాసుకోలేదు, అంకె మాత్రం రాశారు.

తోరణం దాటి వెనక్కి వెళ్లండి. ముందు భాగం చూసి వెళ్లిపోయేవాళ్లు సగం భవనాన్నే చూసినట్టు. వెనక పెరడు. ఒక వైపు చెక్క స్తంభాల మీద పై అంతస్తు గ్యాలరీ, ఆ గ్యాలరీలోంచే గదుల్లోకి దారి. మన మండువా లోగిలి మాదిరిగా ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో పెరట్లో నిలబడితే అందరికీ తెలుస్తుంది. సరుకుతో వచ్చిన వర్తకుడికి అదే కావాలి. తన గుర్రం, తన మూటలు పైనుంచి కనిపించాలి. పెరటి వైపు మెట్ల కోసం ఎనిమిది పలకల రాతి బురుజు ఉంది. అటు తిరిగితే కిందికి దిగే పచ్చిక, క్రికెట్ మైదానం, ఆ పక్కన సెయింట్ ఫిలిప్, సెయింట్ జేమ్స్ చర్చి గోపురం.

సంతకు వచ్చిన మూటలను పైన కప్పు కింద ఉండే పొడవాటి అంతస్తులో దాచేవాళ్లు. ఉన్నికి తేమ పనికిరాదు, అందుకే ఎత్తున పెట్టడం. వర్తకుడు నడిమి అంతస్తులో, గుర్రాలు వెనక, తిండీ తాగుడూ కింద. నిలువునా ఒక వ్యాపారం మొత్తం ఇమిడిపోయింది.

రాత్రి భోజనం అక్కడే. హైదరాబాద్‌లో పబ్ అంటే చీకటి, లైట్లు, చెవులు పగిలే మ్యూజిక్. అది మనసులో పెట్టుకుని ఇక్కడికి వస్తే ఏమీ అర్థం కాదు. ఒక బల్ల దగ్గర ముసలి దంపతులు, ఇంకో బల్ల దగ్గర పిల్లలతో ఒక కుటుంబం, బల్ల కింద పడుకున్న కుక్క. నేను మద్యం తీసుకోను. టీ అడిగితే ఎవరూ వింతగా చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు ఉండరు, కౌంటర్‌కు మనమే వెళ్లాలి. అక్కడ లైను కనిపించదు కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ గుర్తుంటుంది.

ఇంత పాత భవనంలో అన్నిటికంటే కొత్త వస్తువు మనం పబ్‌కు గుర్తుగా అనుకునే ఆ కౌంటరే. పూర్వం నేలమాళిగలో పీపాల నుంచి కూజాల్లో పట్టుకొచ్చి బల్లల దగ్గర పోసేవాళ్లు. జోసెఫ్ బ్రామా చేతి పంపుకు 1797లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తరువాత పంపు పిడులు వరసగా నిలబెట్టిన కౌంటరు 19వ శతాబ్దంలో పల్లె పబ్‌ల దాకా వచ్చింది. బీరు కూడా మొదటి నుంచీ ఇదే కాదు. హాప్ పువ్వుల చేదు కలిపిన బీరు 15వ శతాబ్దంలో సముద్రం అవతలి నెదర్లాండ్స్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుంది. అంతకుముందు తాగింది హాప్స్ లేని, ఏల్ అనే ధాన్యపు మద్యం. దాన్ని ఇళ్లలో కాచి అమ్మినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు.

గోడ మీద 1397 అన్న సంవత్సరం గురించి చెబుతారు, అప్పటి నుంచీ ఇక్కడ ఏల్ అమ్మడానికి అనుమతి ఉందని. ఇంగ్లండ్‌లో అతి పాత పబ్ మాదేనని చెప్పుకునేవి చాలా ఉన్నాయి, ఇదీ అందులో ఒకటి. ఆ పోటీ నాకు ముఖ్యం కాదు. ఎన్నేళ్లన్నదాని కంటే, ఆ ఏళ్లన్నీ ఒకే పనిలో గడిచాయన్నది పెద్ద విషయం.

బుధవారం, అదే ఊరు

పొద్దున చర్చి దాకా నడిచాం. 1668 జూన్ 12న ఇదే దారిన శామ్యూల్ పీప్స్ నడిచాడు. ఇంగ్లండ్ నౌకాదళ కార్యాలయంలో అధికారి, తన రోజువారీ డైరీతో చరిత్రలో మిగిలిపోయిన మనిషి. సాల్స్‌బరీ నుంచి బాత్‌కు ఇంటివాళ్లతో వెళ్తూ ఇక్కడ ఆగి మధ్యాహ్న భోజనం చేశాడు. బాగా తిన్నామని, పది షిల్లింగులు అయిందని రాసుకున్నాడు. తర్వాత చర్చికి వెళ్లి ఒక పాత సమాధి ప్రతిమను చూశాడు, గోపురంలోని ఆరు గంటలూ మోగితే వినడానికి బాగుందన్నాడు. రాజ్యాల సంగతులతో పాటు భోజనం ఖర్చు కూడా రాసుకున్నందుకు ఆయనకు నమస్కారం పెట్టాలి. ఒక పల్లె విడిదిలో 1668లో ఒక కుటుంబం భోజనం ఖర్చు మనకు తెలిసిందంటే ఆయన వల్లే.

పదిహేడేళ్లకు ఊరికి వేరే రకం అతిథులు వచ్చారు. 1685లో రెండో జేమ్స్ రాజు మీద మన్మత్ డ్యూక్ తిరుగుబాటు చేశాడు. అతను జేమ్స్ అన్న, అంతకుముందు రాజు అయిన రెండో చార్లెస్‌కు వివాహేతర సంబంధంలో పుట్టిన కొడుకు. బాత్ తలుపులు తెరవకపోవడంతో సైన్యంతో నార్టన్‌కు వెనుదిరిగి, జార్జ్ ఇన్‌లో దిగాడు. జూన్ 27న రాజు సైన్యం వచ్చింది. రెండు వైపులా పొదల కంచెలున్న ఇరుకు సందులో వాళ్లు చిక్కుకున్నారు. చిక్కుకున్నవాళ్లలో గ్రాఫ్టన్ డ్యూక్ ఒకడు, మన్మత్‌కు తండ్రి వైపు సోదరుడే. ఆ పూట తిరుగుబాటుదారులదే పైచేయి. తొమ్మిది రోజులకు సెడ్జ్‌మూర్‌లో జూలై 6న అంతా ముగిసింది. జూలై 15న మన్మత్ తల నరికారు.

ఇక్కడ ఊరివాళ్లు ఎక్కువగా చెప్పేది కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్న డ్యూక్ మీద ఎవరో కాల్చారన్న కథ. నన్ను పట్టేసింది అది కాదు, ఆ సైన్యంలో ఉన్నవాళ్లు. సోమర్సెట్ నేతగాళ్లు, ఉన్ని పనివాళ్లు చాలామంది. ఈ సంతలో తమ బట్ట అమ్ముకున్న ఇళ్ల వాళ్లు. తిరుగుబాటుదారుల మీద జడ్జి జెఫ్రీస్ జరిపిన విచారణల తర్వాత ఈ ఊళ్లో 12 మందిని ఉరితీశారు. పబ్‌కు ఎదురుగా ఉన్న ఫ్లర్ డి లిస్ అనే ఇంకో పాత పబ్ గుండా వాళ్లను నడిపించారని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ ఆ రెండు భవనాల మధ్య రోడ్డు చాలా చిన్నది. దాన్ని దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మధ్యాహ్నం పెరట్లో కూర్చున్నప్పుడు నా మనసు మచిలీపట్నం వైపు వెళ్లింది. ఊరికే కాదు. ఈ సోమర్సెట్, విల్ట్‌షైర్ మందపాటి ఉన్ని బట్ట లండన్‌లోని బ్లాక్‌వెల్ హాల్ సంతకు చేరేది, అక్కడి నుంచి ఓడలెక్కేది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరి అక్కడ వర్తక స్థావరం పెట్టింది. మన ఎండకు ఉన్ని బట్ట ఎవరు కొంటారు? గిరాకీ అంతంతమాత్రం. కంపెనీ వెండి పోసి మన అద్దకపు బట్టలు కొనాల్సి వచ్చింది. అవి ఇంగ్లండ్ చేరాక కథ తిరగబడింది. రంగు పోని, ఉతికితే మెరిసే నూలు బట్ట చూసి అక్కడి ఆడవాళ్లు ఉన్నిని పక్కన పెట్టారు. ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల చేశారు. 1700 చట్టం అద్దకపు నూలు బట్టల దిగుమతిని ఆపింది, 1721 చట్టం వాటిని కట్టుకోవడమే నిషేధించింది. ఆ మధ్యలో 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీది నూలు బట్టలు చింపారు.

కృష్ణా తీరంలో కలంతో అద్దకం వేసిన మనిషి చేతి పని, ఈ పై అంతస్తులో మూటలు దాచుకున్న వర్తకుడి జీవనానికి ఎసరు పెట్టింది. ఇద్దరూ ఒకరి ఊరి పేరు ఒకరు విని ఉండరు. ఈ మాట అంటే అన్నయ్య చాలాసేపు పై కిటికీల వైపు చూస్తూ ఉండిపోయాడు. మన చరిత్ర పుస్తకాల్లో మచిలీపట్నం అధ్యాయం ఓడరేవు దగ్గరే ఆగిపోతుంది. రెండో కొస ఇలాంటి ఊళ్లలో ఉంది. అది కూడా చెప్పాలి.

గురువారం, లాకాక్

పక్క కౌంటీ విల్ట్‌షైర్‌లోకి వచ్చాం. హింటన్ మఠం స్థాపించిన ఈలాయే ఇక్కడ సన్యాసినుల మఠం కూడా స్థాపించింది. 1232 ఏప్రిల్ 16న పొద్దున లాకాక్‌లో, మధ్యాహ్నం హింటన్‌లో, ఒకే రోజు రెండిటికీ పునాది వేసిందని చెబుతారు. భర్త పోయాక విల్ట్‌షైర్ షెరీఫ్‌గా, అంటే రాజు తరఫు అధికారిగా పనిచేసి, తర్వాత లాకాక్‌లో సన్యాసినిగా చేరి, మఠాధిపతి అయింది. నార్టన్ పబ్ వెనక ఇలాంటి ఆడమనిషి ఉందని ముందు తెలియదు. తెలిశాక లాకాక్ రాకుండా ఉండలేకపోయాను.

ఊరంతా దాదాపుగా పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. 1944లో అప్పటి యజమానురాలు మటిల్డా టాల్బట్ మఠంతో పాటు ఊరినీ ఆ సంస్థకు ఇచ్చేసింది. 1835 ఆగస్టులో ఈ మఠం కిటికీని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కెమెరాలో పట్టాడు, మిగిలి ఉన్న ఫొటో నెగెటివ్‌లలో అదే అతి పాతది. ఆ సంగతి చూడ్డానికే ఎక్కువ మంది వస్తారు. మేం ఇక్కడి జార్జ్ ఇన్‌కు వెళ్లాం, 1361 నుంచి ఉందంటారు.

లోపల పెద్ద రాతి పొయ్యి. దాని దగ్గర చెక్క చక్రం ఒకటి. అందులో పొట్టి కాళ్ల కుక్కను పెట్టి పరుగెత్తించేవాళ్లు. చక్రం తిరిగితే నిప్పు మీద మాంసం గుచ్చిన ఊచ తిరిగేది. ఈ పని కోసమే పెంచిన కుక్కల జాతి ఒకటి ఉండేది, యంత్రాలు వచ్చాక ఆ జాతే అంతరించింది. చక్రం చూస్తే బాధ వేసింది. గంటల తరబడి ఆ వేడి పక్కన, వాసన ముక్కుకు తగులుతూ, అందకుండా. పాత పబ్‌ల గురించి హాయిగా రాసేటప్పుడు ఈ చక్రాన్ని కూడా రాయాలి. అక్కడి వెచ్చదనం ఎవరో ఒకరు పనిచేస్తేనే వచ్చింది.

శుక్రవారం, గ్లాస్టన్‌బరీ

ఇక్కడి జార్జ్ అండ్ పిల్‌గ్రిమ్స్ పల్లె పబ్ కాదు, పట్నం విడిది. కానీ నార్టన్ చూసినవాళ్లు దీన్నీ చూడాలి. 15వ శతాబ్దం రెండో సగంలో గ్లాస్టన్‌బరీ మఠాధిపతి జాన్ సెల్‌వుడ్ మఠానికి వచ్చే యాత్రికుల కోసం కట్టించాడు. ముఖమంతా చెక్కిన రాయి, నిలువు గీతల పలకలు, చర్చి గోడలా. గుమ్మం పైన నాల్గో ఎడ్వర్డ్ రాజు చిహ్నం. నార్టన్‌లో మఠం వర్తకుడి కోసం కట్టింది, అందుకే చెక్క, గోదాము, పెరడు. ఇక్కడ యాత్రికుడి కోసం, చూసేవాడి కళ్లకు మఠం గొప్ప తెలియాలని కట్టింది. ఒకే తరహా యజమానులు, కానీ ఎవరి కోసమో మారితే గోడలే మారిపోయాయి.

1536 నుంచి 1540 దాకా ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను వరసగా మూసేశాడు. హింటన్ 1539లో లొంగిపోయింది. గ్లాస్టన్‌బరీ చివరి మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను, ముసలాయనను, అదే ఏడాది నవంబరు 15న ఊరి పక్కన ఉన్న టార్ గుట్ట మీద ఉరితీశారు. ఇవాళ మఠం చోట పచ్చిక మీద విరిగిన రాతి తోరణాలు మిగిలాయి. కప్పు సీసం తీసేశారు, రాళ్లు ఊళ్లో ఇళ్లకు పోయాయి. నాలుగడుగుల దూరంలో మఠం కట్టించిన విడిదిలో మాత్రం ఇప్పటికీ గదులు అద్దెకిస్తున్నారు, వంట చేస్తున్నారు. హింటన్‌లోనూ అంతే. మఠం కొన్ని గోడలకు తగ్గిపోయింది, నార్టన్ పబ్ నిలిచింది. ప్రార్థన చేసే చోటును రాజు ఆపగలిగాడు. రోడ్డు మీద వచ్చేవాడికి ఆకలి, నిద్ర, గుర్రానికి గడ్డి అవసరం ఆ మర్నాడు కూడా ఉన్నాయి. యజమాని మారాడు, పని మారలేదు. ఈ గోడలు నిలిచినందుకు ముఖ్య కారణం అదేనని నేను నమ్ముతున్నాను.

ఈ రెండు భవనాలూ మొదటి శ్రేణి రక్షిత కట్టడాలు. ఇంగ్లండ్‌లో రక్షిత జాబితాలో ఉన్నవాటిలో ఈ శ్రేణివి రెండున్నర శాతమే. అనుమతి లేకుండా వాటి రూపు మారే పనేదీ చేయకూడదు. చట్టం గోడను కాపాడుతుంది గానీ, వ్యాపారాన్ని నడిపించలేదు. చాలా పల్లె పబ్‌లు మూతపడుతున్నాయి. 2011 స్థానికత చట్టం కింద ఊరివాళ్లు తమ పబ్‌ను సమాజ ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. అలా చేస్తే అమ్మకానికి వచ్చినప్పుడు కొనడానికి ప్రయత్నించేందుకు వాళ్లకు కొంత గడువు దొరుకుతుంది. కొన్ని ఊళ్లలో ఊరివాళ్లే వాటాలు వేసుకుని కొని నడుపుతున్నారు. మన ఊళ్లలో పాత సత్రాలు కూలిపోతుంటే ఇలాంటి హక్కు ఎవరికీ లేదు. ఉండాలని గట్టిగా అనిపించింది.

లండన్‌లో ఉండి ఒక్క రోజే తీరిక ఉన్నవాళ్లకు ఒక మాట. పాడింగ్టన్ నుంచి బాత్ గంటన్నర రైలు. పొద్దున బ్రాడ్‌ఫర్డ్ గాదె చూసి, మధ్యాహ్నానికి నార్టన్ చేరండి. భోజనం పెరటి వైపు బల్ల మీద పెట్టించుకుని, తినేముందు మెట్ల బురుజు చుట్టూ ఒకసారి తిరిగి రండి.